కాళ్లతో కాకుండా చేతులతో నడిపే కారు: ఆర్సీ మార్పించుకోవడానికి నేను పడ్డ పాట్లు

మొత్తం వ్యవహారం 2025 జూన్‌లో మొదలై డిసెంబరుకి తేలింది. అందులో కారు మీద మెకానిక్ చెయ్యి పడింది ఒక్క శని, ఆదివారాలే. మిగతాదంతా కాగితాలు, కౌంటర్లు, "రేపు రండి మేడం"లు. నాలాంటి వాళ్లెవరైనా ఈ పనికి దిగితే ఏది ముందు చెయ్యాలి, ఏది వెనక చెయ్యాలి, డబ్బు ఎక్కడ పోతుంది, ఓపిక ఎక్కడ పోతుంది అన్నది ముందే తెలియాలని రాస్తున్నాను.

నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. కుడికాలికి క్యాలిపర్ (కాలికి ఊతమిచ్చే పట్టీ) వేసుకుంటాను. ఎడమకాలు కొంత నయం గానీ బ్రేకు తొక్కేంత బలం దానికీ లేదు. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో 65 శాతం. కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలో ఉంటాం, నేను జెడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇన్నేళ్లూ సైడ్ వీల్స్ ఉన్న స్కూటర్ మీదే తిరిగాను. 2025 బదిలీల్లో కొత్త స్కూలు 24 కిలోమీటర్ల దూరంలో వచ్చింది. అందులో సగం హైవే. పక్క నుంచి లారీ దూసుకుపోతే ఆ గాలికే స్కూటర్ పక్కకి జరుగుతుంది. వాన పడితే ఇక చెప్పక్కర్లేదు.

ఇంట్లో కారు ఉంది. 2019లో కొన్న వ్యాగన్ఆర్, ఏఎంటీ, అంటే క్లచ్ గొడవ లేదు. మా ఆయన ఆఫీసు దగ్గరే కాబట్టి ఆయన బైకు మీద వెళ్తారు. వారంలో ఆరు రోజులు కారు కవరు కప్పుకుని ఇంటి ముందే ఉంటుంది. దాన్నే చేతులతో నడిపేలా మార్పించుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాం.

ముందు మా వీధి చివరి మెకానిక్‌ని అడిగాం. "దానికేముందక్కా, బ్రేకుకొకటి, యాక్సిలరేటర్‌కొకటి రాడ్లు వెల్డింగ్ కొట్టి పైకి తీసేస్తాను. ఎనిమిది వేలివ్వండి, రేపు సాయంత్రానికి బండి మీ చేతిలో ఉంటుంది" అన్నాడు. అంత తేలిగ్గా అయిపోతుందంటే ఎవరికి ఆశ పుట్టదు? హైదరాబాద్‌లో నాతో బీఈడీ చదివిన స్నేహితురాలు ఇలాంటి కారే నడుపుతోంది. దానికి ఫోన్ చేస్తే గట్టిగా తిట్టింది. "వెల్డింగ్ కొట్టిన బండికి ఆర్సీ మారదే. ఆర్సీ మారకపోతే యాక్సిడెంట్ అయిన రోజున ఇన్సూరెన్సు వాడు చేతులెత్తేస్తాడు. ఆ రాడ్డు నడిరోడ్డు మీద ఊడితే ఆ సంగతి వేరే" అంది. మోటారు వాహనాల చట్టంలో కాగితాలు కూడా పంపింది. అనుమతి లేని మార్పు చేయిస్తే 182ఏ(4) సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మా మెకానిక్ చెప్పిన రాడ్లు రెండు. లెక్కల టీచర్ని కాబట్టి ఆ గుణకారం వెంటనే చేసేశాను.

కొత్త కారు సంగతీ ఆలోచించాం. అప్పటికి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం. కాళ్ల లోపం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లు కేంద్ర భారీ పరిశ్రమల శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుంటే 18 శాతమే. పెట్రోలు కారయితే 1,200 సీసీ లోపు, నాలుగు మీటర్ల లోపు ఉండాలి, అయిదేళ్లు అమ్మకూడదు. ఎంత తగ్గినా ఏడెనిమిది లక్షల మాట, ఇంటి లోను ఇంకా నడుస్తోంది. సరే, ఉన్నదాన్నే మారుద్దాం అన్నాం. (ఆ తర్వాత సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లన్నింటికీ 18 శాతం చేసేశారు కాబట్టి ఆ లెక్క ఇప్పుడు ఎలాగూ మారిపోయింది.)

జూలై మొదటి వారంలో ఆర్టీవో ఆఫీసుకి వెళ్లాం. ర్యాంపు ఉంది గానీ దాని మీద సీజ్ చేసిన బైకులు పెట్టారు. మెట్లెక్కాను. కౌంటర్లో అతను నా మాట సగం విని, "కారు మాడిఫికేషన్లు సుప్రీంకోర్టు ఎప్పుడో ఆపేసింది మేడం, అవదు" అన్నాడు. అతను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది నిజమే. కానీ అదే ఏడాది పార్లమెంటు చట్టాన్ని సవరించి 52వ సెక్షన్‌లో రెండో సబ్‌సెక్షన్‌ని మాలాంటి వాళ్ల కోసమే తిరగరాసింది. ఎవరైనా తన సొంత బండిని వికలాంగులు వాడుకునే బండిగా, అంటే చట్టం మాటల్లో అడాప్టెడ్ వెహికిల్‌గా మార్పించుకుని, తర్వాత రిజిస్టరింగ్ అధికారి ఆమోదం తీసుకోవచ్చు. స్నేహితురాలు పంపిన ఆ పేజీ ప్రింటు తీసి కౌంటర్ మీద పెట్టాను. అతను చదవలేదు. "లోపల బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారిని కలవండి" అన్నాడు. నాకు అదే చాలు.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు టెస్టులకి వెళ్లి మధ్యాహ్నం రెండున్నరకి వచ్చారు. అప్పటిదాకా బెంచీ మీదే కూర్చున్నాం. ఆయన మాత్రం ఆ పేజీ మొత్తం చదివారు. "చెయ్యొచ్చమ్మా. మన ఆఫీసులో స్కూటర్లు తప్ప కార్లు రాలేదు, అందుకే వాళ్లకి తెలీదు" అన్నారు. తర్వాత మూడు ముక్కల్లో చెప్పేశారు. కారు మీ పేరున ఉండాలి. కిట్ ఏఆర్ఏఐ లాంటి టెస్టింగ్ సంస్థ ఆమోదించినదై ఉండాలి. బిగించిన పద్నాలుగు రోజుల్లోపు వచ్చి ఇక్కడ చెప్పాలి.

మొదటి ముక్క దగ్గరే ఆగిపోయాం. కారు మా ఆయన పేరున ఉంది. ఇంట్లో వాళ్లమే కదా అంటే కుదరదు, చట్టంలో సొంత బండి అనే ఉంది. పేరు మార్చుదామని ఆర్సీ చూస్తే అందులో బ్యాంకు పేరు ఇంకా కూర్చునే ఉంది. లోను కట్టడం 2023లోనే అయిపోయింది. అంతటితో పని అయిపోయిందనుకున్నాం. ఆర్సీలో బ్యాంకు పేరు తీయించడం వేరే పనని మాకెవరూ చెప్పలేదు. బ్యాంకు ఫారం 35 మీద సంతకం, స్టాంపు, దానితో ఎన్‌ఓసీ ఇవ్వాలి. లోను తీసుకున్న బ్రాంచి వాళ్లు ఇది హైదరాబాద్ నుంచి రావాలన్నారు. జూలై 8న అర్జీ పెడితే చేతికొచ్చేసరికి నెలాఖరు. మీ కారు లోను తీరిపోయి ఉంటే, దేనికీ పనికిరాకపోయినా సరే, ఇవాళే ఆర్సీ తీసి ఆ గడి చూసుకోండి.

ఆగస్టు మొదటి వారంలో లోను కొట్టివేత, పేరు మార్పు రెండింటికీ రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో పెట్టాం. ఫారం 29, 30 మీద మా ఆయన అమ్మినట్టు, నేను కొన్నట్టు సంతకాలు. "నాకెంతిస్తున్నావ్?" అని ఆయన జోకు. ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆ అచ్చు జత చెయ్యమన్నారు. ఆఫీసు బయట చెట్టు కింద కుర్రాడు ఆ రుద్దుడికి వంద తీసుకున్నాడు. ఆర్సీ నా పేరుకి మారడానికి రెండు వారాలు పైనే పట్టింది.

పేరు మారిన వెంటనే ఇన్సూరెన్సు కూడా నా పేరుకి మార్చాలి. అక్కడో చిన్న షాక్. అన్నేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపినందుకు వచ్చిన నో క్లెయిమ్ బోనస్ మా ఆయనది, కారుది కాదు. అది భార్యకి రాదు. పాలసీలో మిగిలిన నెలలకి ఆ తగ్గింపు వెనక్కి కట్టమన్నారు, సుమారు 1,400. కారు అదే, ఇల్లు అదే, నడిపేదీ ఇంకా ఆయనే. కట్టాం.

ఇక కిట్. హైదరాబాద్‌లో బిగించేవాళ్లు ఉన్నారు. ఫోన్లోనే రెండు రేట్లు చెప్పారు. సర్టిఫికెట్ ఉన్నది 34,000, లేనిది 22,000. "రెండూ ఒకటే మేడం, పేపర్ తేడా అంతే" అన్నాడు అవతలతను. ఆ పేపర్ కోసమే కదా నేను వస్తున్నది! సర్టిఫికెట్ కాపీ ముందే వాట్సాప్‌లో తెప్పించుకుని, అందులో రాసిన కిట్ మోడల్, వాళ్లు బిగించబోయేది ఒకటేనా అని అడిగి అడ్వాన్సు వేశాను. ఈ ప్రశ్న అడగండి. నా స్నేహితురాలికి తెలిసిన ఒకాయనకి వేరే మోడల్ సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపారట. బిగించినది ఊడదీసి మళ్లీ చేయించుకోవాల్సి వచ్చింది.

సెప్టెంబరు 13, రెండో శనివారం. తెల్లవారుజామునే బయల్దేరి వెళ్లాం. షెడ్డు చిన్నదే గానీ పని శ్రద్ధగా చేశారు. ముందు నన్ను సీట్లో కూర్చోబెట్టి మోచేతి నుంచి స్టీరింగ్ దాకా టేపుతో కొలిచారు. గుప్పిట బిగించమన్నారు. క్యాలిపర్ ఎంత ముందుకి వస్తుందో చూసి, అది జారి పెడల్ కిందకి పోకుండా ఒక రేకు పలక అడ్డం పెడతామన్నారు. ఆ పలక ఆలోచన నాకు తట్టనే లేదు.

కిట్ పనిచేసే తీరు ఇది. స్టీరింగ్ కింద ఎడమ పక్కన ఒక లివర్ వస్తుంది. ముందుకి నెడితే బ్రేకు, వెనక్కి మన వైపు లాగితే యాక్సిలరేటర్. లివర్ నుంచి కిందికి వెళ్లే రాడ్లు పెడల్స్‌కి క్లాంపులతో బోల్టులేసి బిగిస్తారు, వెల్డింగ్ ఎక్కడా ఉండదు. ఎడమచెయ్యి ఎప్పుడూ లివర్ మీదే కాబట్టి స్టీరింగ్ అంతా కుడిచేత్తో తిప్పాలి. దానికి స్టీరింగ్ మీద గుండ్రటి పిడి ఒకటి, 1,200 వేరే. ఇండికేటర్ మన కార్లలో కుడి పక్కనే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. హారన్‌కి మాత్రం చెయ్యి ఖాళీ ఉండదు. అందుకని లివర్ కొసన బొటనవేలికి అందేలా ఒక బటన్ ఇచ్చారు. కోస్తా రోడ్ల మీద ఆ బటన్ లేకపోతే నేను బండి బయటికి తీసేదాన్నే కాదు. ఇంకొకటి, పాత పెడల్స్ ఎప్పటిలాగే పనిచేస్తాయి. ఆదివారం సాయంత్రం మా ఆయనే, కాళ్లతోనే, కారు ఇంటికి నడుపుకొచ్చారు. ఆయన ఇంక నడపలేరేమో అన్న బెంగ అంతటితో తీరింది.

పెట్రోలు, టోళ్లు, ఒక రాత్రి లాడ్జి, భోజనాలు కలిపి హైదరాబాద్ ఖర్చు 6,500 అయింది.

అక్కడి నుంచి పద్నాలుగు రోజుల లెక్క మొదలైంది. మధ్యలో దసరా సెలవులు. బుధవారం, 17న, పరివాహన్‌లో ఆల్టరేషన్ కింద అప్లై చేశాను. బిగించినవాళ్ల బిల్లు, వాళ్లు ఇచ్చిన ఫిట్‌మెంట్ పేపర్, కిట్ ఆమోదం కాపీ, సదరం సర్టిఫికెట్, ఇన్సూరెన్సు, పొల్యూషన్, ఆధార్, లివర్ కనిపించేలా ఫోటోలు. అప్‌లోడ్ చేసిన ప్రతిసారీ సైజు ఎక్కువైందని వెనక్కి కొట్టేది. చివరికి మా స్కూల్లో కంప్యూటర్ సార్ ఫైళ్లు చిన్నవి చేసి పెట్టారు.

24న ఇన్‌స్పెక్షన్. కారు మా ఆయన తోలుకొచ్చారు, నాకింకా కారు లైసెన్సు లేదు కదా. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు అదే ఆయన. సీట్లో కూర్చుని లివర్ ముందుకి నెట్టారు, వెనక్కి లాగారు, కిందికి వంగి బోల్టులు వేలితో కదిపి చూశారు. తర్వాత ఇంజన్ వేసి ఆఫీసు ఆవరణలో నెమ్మదిగా ఒక చుట్టు కొట్టారు. చూస్తుండగానే కారు ఠక్కున ఆగింది, ఆయన ముందుకి ఊగారు. "చాలా షార్ప్‌గా ఉందమ్మా" అన్నారు దిగుతూ. వాచ్‌మన్, టెస్టులకి వచ్చిన కుర్రాళ్లు, టీ అమ్మే అతను అందరూ కిటికీలోంచి తొంగి చూస్తున్నారు. నాకు కొంచెం గర్వంగా, కొంచెం సిగ్గుగా అనిపించింది. కిట్ మీద ఉన్న ప్లేటు నంబరు, సర్టిఫికెట్‌లో నంబరు రెండూ ఆయన వేలు పెట్టి చదివి పోల్చారు. అక్కడ తేడా వచ్చి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

లైఫ్ ట్యాక్స్ సంగతి అడిగాను. బండి కొన్నప్పుడు కట్టినది వెనక్కి రాదన్నారు.

దసరా అయ్యాక అక్టోబరు 13న ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఎంపరివాహన్ యాప్ తెరిచి చూస్తే బండి క్లాసు అడాప్టెడ్ వెహికిల్ అని మారింది. కింద ఓనర్‌షిప్ టైపు దగ్గర మాత్రం మామూలు వ్యక్తి అనే ఉంది. అక్కడ దివ్యాంగజన్ అని రావాలి. 2020 అక్టోబరులో కేంద్రం రిజిస్ట్రేషన్ ఫారంలో ఆ గడి చేర్చింది, టోల్ మినహాయింపు లాంటివన్నీ దాన్ని చూసే ఇస్తారు. మళ్లీ ఆఫీసుకి. "బండి క్లాసు మారింది కదా మేడం, ఇంకేం కావాలి?" అని మొదటి రోజు కౌంటర్ అతనే. సరిచేయమని అర్జీ ఇచ్చి వచ్చాను. ఈలోగా మొంథా తుపాను వచ్చి వారం పాటు అన్నీ ఆగిపోయాయి. మా స్కూలే పునరావాస కేంద్రమైంది. నవంబరు మొదటి వారంలో ఆ గడి మారింది. ఆర్సీ వచ్చిన రోజునే ఈ రెండు గడులూ చూసుకుంటే నాలా రెండోసారి తిరగక్కర్లేదు.

లైసెన్సు పని దీనితోపాటే నడిచింది. బండి క్లాసు మారిన వెంటనే, దీపావళికి ముందు, ఎల్ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్సు, తీసుకున్నాను. ఫారం 1ఏ మీద డాక్టర్ సంతకం కావాలి. గవర్నమెంటు ఆసుపత్రి డాక్టర్ గారు నా కాళ్లు కాదు, చేతులు పరీక్షించారు! రెండు చేతులతో ఆయన వేళ్లు గట్టిగా పట్టుకోమన్నారు. "స్కూటర్ తోలిన చేతులు కదా, ఢోకా లేదు" అని సంతకం పెట్టారు.

నేర్పేవాళ్లు దొరకడం మాత్రం అన్నిటికంటే కష్టమైంది. డ్రైవింగ్ స్కూళ్ల కార్లలో ఈ లివర్ ఉండదు, మా కార్లో వాళ్ల వైపు పెడల్స్ ఉండవు. "మీరు బ్రేకు వెయ్యకపోతే నేనేం చెయ్యాలండీ?" అని ఒకాయన మొహం మీదే అడిగేశాడు. న్యాయమైన ప్రశ్నే. చివరికి ఆర్టీసీలో రిటైరైన డ్రైవర్ గారొకరు ఒప్పుకున్నారు, ఆరు వేలకి. కాలేజీ గ్రౌండులో పొద్దున్నే ఆరింటికి, ముందూ వెనకా ఎర్ర ఎల్ బోర్డులు పెట్టుకుని, ఆయన ఎడమ పక్కన హ్యాండ్ బ్రేకు మీద చెయ్యేసి కూర్చునేవారు. నన్ను "అమ్మాయ్" అనేవారు, తప్పు చేస్తే "టీచరమ్మా" అనేవారు.

ఇన్నేళ్లు స్కూటర్‌కి కుడిచేత్తో యాక్సిలరేటర్ తిప్పిన అలవాటు. ఇక్కడ వేగం ఎడమచేతిలో, తిప్పడం కుడిచేతిలో. మొదటి వారం కంగారు పుట్టినప్పుడల్లా స్టీరింగ్ పిడిని గట్టిగా పట్టి మెలితిప్పేదాన్ని, కారు పక్కకి పోయేది. నెట్టితే బ్రేకు అన్నది ఎందుకలా పెట్టారో అప్పుడు అర్థమైంది. బండి ఆగాలనుకున్నప్పుడు ఒళ్లంతా ముందుకే వస్తుంది, చెయ్యి కూడా దానితో ముందుకే పోతుంది. పొరపాటున వేగం పెరగదు.

అసలు గండం ఎత్తు మీద. బ్రేకు లివర్ ఎడమచేతిలో, హ్యాండ్ బ్రేకూ ఎడమ పక్కనే, ఉన్న ఎడమచెయ్యి ఒక్కటే. ఎత్తు మీద ఆగి మళ్లీ కదలాలంటే కారు వెనక్కి జారుతుంది. లివర్‌కి చిన్న లాక్ ఉంది. బ్రేకు నెట్టి లాక్ వేస్తే చెయ్యి ఖాళీ అవుతుంది, అప్పుడు హ్యాండ్ బ్రేకు లాగొచ్చు. కదిలేటప్పుడు ముందు హ్యాండ్ బ్రేకు దించి, బొటనవేలితో లాక్ వదిలి, అదే ఊపులో లివర్‌ని నా వైపు లాగెయ్యాలి. మాస్టారు కాలవ గట్టు ర్యాంపు మీద ఇదొక్కటే రోజుల తరబడి చేయించారు. అక్కడ గేదెల్ని కడిగే వాళ్లందరికీ నేను బాగా తెలిసిపోయాను.

ఎల్ఎల్‌ఆర్ వచ్చిన ముప్ఫై రోజులకి గానీ టెస్టుకి వెళ్లనివ్వరు. నవంబరు 25కి స్లాట్ దొరికింది. ముందు రోజు రాత్రి టెన్షన్‌తో నిద్ర లేదు. ట్రాక్ మీద హెచ్, ఎయిట్ ఆకారాల్లో నడపాలి. హెచ్‌లో రివర్స్ వచ్చినప్పుడు వెనక్కి తిరిగి చూడాలి, నా నడుము అంత తిరగదు, అద్దాల్లోనే చూసుకుంటూ వచ్చాను. ఈసారి ఇన్‌స్పెక్టర్ వేరే ఆవిడ, చిన్నావిడ. కిటికీ పక్కన నడుస్తూ చూశారు. ఎత్తు మీద ఆపమన్నారు. లాక్, హ్యాండ్ బ్రేకు, మళ్లీ లాక్, లాగుడు. జానెడు వెనక్కి జారి ముందుకి కదిలింది. "ఇది మా కార్లో నాక్కూడా జారుతుంది మేడం" అని నవ్వి టిక్ పెట్టారు. లైసెన్సులో అడాప్టెడ్ వెహికిల్ అని, పక్కన నా బండి నంబరు వేశారు. కాబట్టి ఈ లైసెన్సుతో వేరే కారు నడపలేను. తెలుసుకుని ఉండడం మంచిది.

డిసెంబరులో ఇన్సూరెన్సు రెన్యూవల్. స్నేహితురాలు ముందే చెప్పింది, పాలసీలో ఐఎంటీ 12 అనే క్లాజు అడుగు అని. వికలాంగుల కోసం మార్చిన బండి అని ఆర్సీలో ఉంటే ఓన్ డ్యామేజ్ (మన బండికే జరిగే నష్టం) ప్రీమియంలో 50 శాతం తగ్గింపు. మా ఏజెంటు గారు పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నారు. "అలాంటిదేం లేదండీ, ఎవరో వాట్సాప్‌లో పెట్టి ఉంటారు" అన్నారు. నేను కంపెనీకే మెయిల్ పెట్టాను, ఆర్సీ కాపీ జత చేసి. వారం తర్వాత సగం తగ్గించిన కోట్ వచ్చింది. ఏజెంటు గారు దాన్ని ఫోన్లో ఫోటో తీసుకున్నారు. మా ఆయన నో క్లెయిమ్ బోనస్ పోయిన బాధ దీంతో చల్లారింది. పాలసీ మీద కిట్ సంగతి కూడా రాయించుకోండి, లేకపోతే ప్రమాదంలో అది విరిగితే దాని డబ్బు మీదే.

మొత్తం ఖర్చు రాసి పెట్టుకున్నాను. కిట్, పిడి కలిపి 35,200. హైదరాబాద్ 6,500. మాస్టారికి 6,000. పేరు మార్పు, లోను కొట్టివేత, ఆల్టరేషన్, లైసెన్సు ఫీజులు, జిరాక్సులు, రుద్దుడు కుర్రాడు అన్నీ కలిపి 3,000. బోనస్ వెనక్కి కట్టినది 1,400. అంటే 52 వేల పైచిలుకు. ఆర్టీవో ఆఫీసు బయట ఏజెంటు ఒకతను మొదటి రోజే "పదిహేను వేలివ్వండి, అంతా నేను చూసుకుంటా" అన్నాడు. కిట్ సర్టిఫికెట్ అంటే ఏమిటని అతన్నే అడిగితే తెలీదు.

ఇప్పుడు రోజూ కార్లోనే స్కూలుకి వెళ్తున్నాను. ఒకసారి హైవే మీద చెకింగ్‌లో కానిస్టేబుల్ లివర్ చూసి "ఇది మాడిఫికేషన్ కదా మేడం" అన్నాడు. డిజిలాకర్‌లో ఆర్సీ చూపిస్తే ఎస్సై గారిని పిలిచాడు, ఆయన చదివి వదిలేశారు. సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. మొదటిసారి ఇచ్చినప్పుడు కింద శుభ్రం చెయ్యడానికి క్యాలిపర్‌కి అడ్డం పెట్టిన ఆ రేకు పలక తీసి, మళ్లీ పెట్టకుండా డిక్కీలో పడేశారు. ఇప్పుడు జాబ్ కార్డు మీద ముందే రాయిస్తున్నాను.

ఒక్కటి మిగిలింది. వికలాంగుల కోసం మార్చిన బండికి జాతీయ రహదారుల మీద టోల్ లేదు. దానికి వేరే ఫాస్టాగ్ తీసుకోవాలి. డిసెంబరు రెండో వారంలో అప్లై చేశాను, జనవరి సగమైనా "పరిశీలనలో ఉంది" అనే చూపిస్తోంది. ఈలోగా రోజూ వెళ్తూ వస్తూ టోల్ కడుతున్నాను. 2026 జనవరి ధరలో మూడు వేలు పెడితే ఏడాదికి 200 ట్రిప్పుల పాస్ వస్తుంది, అది తీసుకోమని మా ఆయన గొడవ. సంక్రాంతి సెలవులు అయ్యేదాకా చూసి, అప్పటికీ రాకపోతే తీసుకుంటాను.